ఎడమ వైపు టైర్లు

ఆ ఏడాది వానలు తొందరపడి వచ్చేశాయి. మా ఇంట్లో మాత్రం ఎవరికీ ఏ తొందరా లేదు.

మాది క్రాసోవర్ కారు. చూడ్డానికి జీపులా ఎత్తుగా ఉంటుంది, ఎక్కి కూర్చుంటే మామూలు కారే. ఇంటిల్లిపాదికీ అదొక్కటే బండి. పొద్దున్నే మావయ్యగారు అందులో మా పాపని బడి దగ్గర దింపి వచ్చేవారు. ఆయన తిరిగొచ్చాక తాళాలు నా చేతికొచ్చేవి. నేను పళ్ళ ల్యాబ్‌లో పనిచేస్తాను. డాక్టర్లు పంపిన అచ్చులు చూసి తొడుగులు, కట్టుడు పళ్ళు చేయడం, చేసినవాటిని సాయంత్రం క్లినిక్కులకి చేర్చడం నా పని. బడి వదిలాక పాపని పక్కింటావిడ తన పిల్లలతో పాటు తీసుకొచ్చేది. మా ఆయన ఆఫీసు మా వెనక వీధిలోనే. నీటి సరఫరా శాఖలో ఇంజనీరు. కారు నడపడం వచ్చు గానీ ఆయనకి అదంటే పడదు. ఆదివారం కడిగి, తుడిచి, దూరం నుంచి చూసుకుని సంతోషిస్తారు.

వానలకి ముందు ఒక సాయంత్రం ఎడమ వైపు ముందు టైరు పంక్చరయింది. మెయిన్ రోడ్డు మీద టైర్ల షాపుకి తీసుకెళ్ళాను. విషయం తెలిసి మా ఆయనా నడుచుకుంటూ వచ్చారు. షాపు యజమాని టైరు ఊడదీసి, గోడకి ఆనించి, గాడుల్లో బొటనవేలు పెట్టి చూశాడు.

"పంక్చర్ వేస్తాను సార్. కానీ ఇది ఇంక టైరు కాదు, గొట్టం," అన్నాడు మా ఆయనతో. టైరు తెచ్చింది నేను. మాట మాత్రం ఆయనతోనే. "నాలుగూ మార్చేయాల్సిందే. కుడి వైపువి కాస్త నయం. ఎడమవి చూడండి, పక్కలు ఎలా చెక్కుకుపోయాయో. గట్టుకి రాసేస్తున్నారు ఎవరో. దెబ్బ తగిలి తగిలి చక్రం వంకరబోయినట్టుంది, లోపలి అంచు నున్నగా అరిగిపోయింది."

"ఎవరో" అంటూ అతను నా వైపు చూశాడు. అతని చూపు పట్టుకుని మా ఆయన కూడా నా వైపే చూశారు.

"నేనెక్కడా రాయలేదే," అన్నాను.

"తెలియకుండా రాసేస్తారు మేడమ్. ఆడవాళ్ళకి ఎడమ పక్క అంచనా అందదు. మా ఇంట్లోనూ ఇంతే," అని షాపాయన ఓదార్పుగా నవ్వాడు. మా ఆయన కూడా నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ వేళే నాలుగూ వేయించేసి ఉంటే ఈ కథ లేదు. కానీ మా ఆయన ఏ వస్తువూ అలా కొనరు. మా ఇంటికి ఫ్రిజ్ రావడానికి ఏడాది పట్టింది. ఆ ఏడాదంతా ఫ్రిజ్‌ల గురించి ఆయనకి తెలిసినంత వాటిని తయారుచేసేవాళ్ళకి కూడా తెలిసి ఉండదు. "చూసి చెప్తాం," అన్నారు షాపాయనతో.

ఇంట్లో టైర్ల పురాణం మొదలైంది. అన్నం ముందు కూర్చున్నా అదే, పళ్ళు తోముకుంటున్నా అదే. ఆయన ఫోన్లో ఎవరో ఒకడు ఎప్పుడూ టైరు మీద చెయ్యేసి మాట్లాడుతూ ఉండేవాడు. మెత్తటి రబ్బరు తడి రోడ్డుని పట్టుకుంటుందట, కానీ తొందరగా అరుగుతుందట. గట్టి రబ్బరు ఏళ్ళ తరబడి వస్తుందట, కానీ తడిలో జారుతుందట. చప్పుడు చేయనివి కొన్ని, మట్టిరోడ్లకి కొన్ని. ఒక వారం ఒకదానికి మొగ్గేవారు. మరో వారం ఎవడో దాన్ని తిట్టిన వీడియో కనిపించేది, మళ్ళీ మొదటికి.

మావయ్యగారిది ఇంకో దారి. ఆయన జీవితమంతా డ్రైవింగ్ స్కూలు నడిపారు. ఊళ్ళో సగం మందికి స్టీరింగ్ పట్టుకోవడం నేర్పింది ఆయనే. రోడ్డు మీద వెళ్తుంటే బస్సు డ్రైవర్లు కూడా "మాస్టారూ" అని చెయ్యెత్తేవారు. పెళ్ళయిన కొత్తలో నాకు నేర్పిందీ ఆయనే. విసుక్కోకుండా, గొంతు పెంచకుండా. అందుకే ఆయన మాటంటే ఇంట్లో తిరుగులేదు.

"పక్కలు మందంగా ఉన్నవి వేయించరా," అనేవారు కొడుకుతో. "మన రోడ్లకి పక్క గోడ గట్టిగా ఉండాలి. గ్రిప్పూ గిప్పూ తర్వాత."

"పక్క గోడ ఎందుకు నాన్నా, గట్టుకి కొట్టకుండా నడిపితే సరిపోతుంది కదా," అనేవారు మా ఆయన, నా కంచంలోకి చూస్తూ.

మావయ్యగారు ఆ మాట విని, వంచిన తల ఎత్తకుండా తినేవారు. నన్ను వెనకేసుకు రావడం ఇష్టం లేదు కాబోలు అనుకునేదాన్ని.

ఓ శనివారం వాన పడి వెలిసింది. పాపని ఎక్కించుకుని కూరగాయలకి వెళ్తున్నాను. సిగ్నల్ దగ్గర ముందు బస్సు ఆగింది. నేనూ బ్రేకు తొక్కాను. కారు ఆగలేదు. చప్పుడు లేకుండా, సబ్బు నురగ మీద పళ్ళెంలా ముందుకి జారుతూ పోయింది. బస్సు వెనక అద్దం పెద్దదవుతూ వచ్చింది. అందులో కూర్చున్న ఒక ముసలాయన నా వైపే చూస్తున్నాడు. బంపరుకీ బంపరుకీ మధ్య చెయ్యి పట్టేంత సందు ఉండగా ఆగింది.

"అమ్మా, మనం జారామా?" అంది పాప వెనక నుంచి, సరదాగా.

ఇంటికొచ్చి చెప్పాను.

"ఎంత స్పీడులో ఉన్నావు?" అన్నారు మా ఆయన.

"స్పీడు కాదండీ, టైర్లు. నాలుగు టైర్లు. గుండ్రంగా, నల్లగా ఉంటాయి. ఏవైనా సరే, రేపు వేయించండి."

"ఏవైనా అంటే ఎలా? నువ్వు పళ్ళు ఏవైనా సరే అని పెట్టేస్తావా?"

ఆ మాటలో నిజముంది. అందుకే ఇంకా కోపం వచ్చింది.

"అసలు ముందు ఆ రాయడం ఆగాలి," అన్నారాయన కొంచెం మెత్తబడి. "కొత్తవి వేయించినా నువ్వు మళ్ళీ గట్టుకి కొడితే లాభమేముంది? నాన్నా, రేపు ఆదివారమే కదా, తనకి ఒకసారి పార్కింగ్ చూపించరాదూ?"

ఇన్నేళ్ళుగా రోజూ నడుపుతున్నదాన్ని. పెళుసు సామాను పట్టుకుని ఇరుకు సందుల్లో క్లినిక్కుల చుట్టూ తిరిగేదాన్ని. నాకు మళ్ళీ ఓనమాలు. మావయ్యగారు కాదంటారేమో అని చూశాను. ఆయన గోడ మీద క్యాలెండర్ వైపు చూస్తూ, "సరే," అన్నారు.

ఆదివారం మార్కెట్ వెనక ఖాళీ స్థలానికి వెళ్ళాం. అక్కడ పొడుగ్గా ఫుట్‌పాత్ గట్టు ఉంది. మావయ్యగారు నా పక్కన ఎడమ సీట్లో కూర్చున్నారు. మా ఆయన బయట గొడుగు పట్టుకుని పరీక్ష అధికారిలా నిలబడ్డారు. నేను పంటి బిగువున కోపం పట్టుకుని, బండిని గట్టు పక్కకి తెచ్చి పెట్టాను. ఒకసారి కాదు, ముందు నుంచి, వెనక నుంచి, వాలు మీద. ఎక్కడా రాయలేదు.

"ఎంత దూరంలో ఉంది గట్టు?" అని అడిగారు మావయ్యగారు.

ఆయన పక్కనే ఉంది కిటికీ. తల తిప్పితే కనిపిస్తుంది. "జానెడు," అన్నాను.

"జానెడే. సరిగ్గా పెట్టావు," అన్నారు, తల తిప్పకుండానే.

మా ఆయన గొడుగు మూసి కారెక్కుతూ, "నేను చూస్తుంటే బాగానే పెడుతుంది," అన్నారు. ఆ వేళంతా నా బదులు వంటగదిలో గిన్నెలే మాట్లాడాయి.

తర్వాతి వారం ల్యాబ్‌లో ఒక అచ్చు నా ముందుకొచ్చింది. ఎవరో పెద్దమనిషి కింది పళ్ళు. కుడి వైపు దవడ పళ్ళు అరిగి పలకల్లా ఉన్నాయి. ఎడమ వైపువి కొత్తవాటిలా ఉన్నాయి. ఇలాంటివి మాకు మామూలే. ఒక వైపు నొప్పి ఉంటే మనిషి రెండో వైపే నములుతాడు. నొప్పి సంగతి డాక్టరుకి చెప్పడు, ఇంట్లోనూ చెప్పడు. ఒక్కోసారి తనకి తానే చెప్పుకోడు. అచ్చుని చేతిలో తిప్పుతూ ఉండగా నాకు ఉన్నట్టుండి మా టైర్లు గుర్తొచ్చాయి.

భోజనాల వేళ బయటికి వచ్చి కారు చుట్టూ తిరిగాను. ఎడమ వైపు ముందు టైరు పక్కన వంగి చూశాను. పాత గీతల మీద ఒక కొత్త గీత. దానికి పసుపుపచ్చ రంగు అంటుకుని ఉంది. మా ల్యాబ్ ముందు గట్టే లేదు, అంతా మట్టి. నేను తిరిగే క్లినిక్కుల దగ్గర గట్లున్నాయి గానీ అవన్నీ ఒట్టి సిమెంటువి. పసుపు రంగు గట్టు నాకు తెలిసి ఒక్కచోటే ఉంది. బడి గేటు ముందు.

అప్పుడు కూడా నేను అనుకోవలసింది అనుకోలేదు. వయసు మీద పడింది, కొంచెం నిర్లక్ష్యం వచ్చిందేమో అనుకున్నాను. ఇన్నాళ్ళూ నన్ను బోనులో నిలబెట్టి ఆయన మాట్లాడకుండా కూర్చున్నారే అన్న మంటే ఎక్కువగా ఉంది. మర్నాడు పొద్దున వాన పడుతోంది. "క్లినిక్‌లో పనుంది, బడి వైపే. నన్నూ దింపేయండి మావయ్యా," అని ఎడమ సీట్లో ఎక్కి కూర్చున్నాను.

ఆయన ఒక్క క్షణం ఆగారు. తర్వాత బెల్టు పెట్టుకుని, అద్దాలు సర్దుకుని, పద్ధతిగా బండి కదిలించారు. చేతులు ఎప్పటిలాగే స్టీరింగ్ మీద తేలిగ్గా ఉన్నాయి. గేర్లు మారుతున్నట్టే తెలియదు. మెయిన్ రోడ్డు దాకా నాకే సిగ్గేసింది, ఇంత బాగా నడిపే మనిషిని అనుమానించానే అని.

మందుల షాపు పక్క సందులోంచి ఒకావిడ సైకిల్ మీద వచ్చింది. ప్లాస్టిక్ కోటు, నెత్తిన సంచీ కప్పుకుని, తొక్కుతూ మా ఎడమ పక్కకి చేరింది. నాకు కిటికీలోంచి ఆవిడ చెంప మీద వాన చుక్కలు కూడా కనిపిస్తున్నాయి. మావయ్యగారు మెల్లిగా ఎడమకి జరుపుతున్నారు. ఆవిడ హ్యాండిల్ మా అద్దం దాకా వచ్చేసింది. ఆయన ఇంకా జరుపుతూనే ఉన్నారు.

"మావయ్యా," అన్నాను. "ఎడమ. ఎడమ పక్క మనిషి."

ఆయన స్టీరింగ్ కుడికి తిప్పి బ్రేకు తొక్కారు. బండి కొంచెం జారి ఆగింది. ఆవిడ ఊగిసలాడి, ఒక కాలు గట్టు మీద పెట్టి నిలదొక్కుకుని, మాకేసి ఏదో అని వెళ్ళిపోయింది. మావయ్యగారు ఎడమ వైపు తల తిప్పి చూశారు. మెడ పూర్తిగా తిప్పి, భుజం దాకా తెచ్చి, అప్పుడు గానీ ఆవిడని చూడలేదు.

బడి ముందు ఆగేటప్పుడు టైరు ధబ్బుమని గట్టెక్కి దిగింది. నా తల కిటికీకి తగిలింది.

"అది బంప్ అమ్మా," అంది పాప సంచీ తగిలించుకుంటూ. "రోజూ వస్తుంది. తాతయ్య చెప్పాడు."

బడి ముందు బంప్ లేదు. పాపని గేటు లోపలికి పంపించి, గొడుగు కింద నిలబడి, ఆ పసుపు గట్టు వైపు చూస్తూ ఉండిపోయాను. పొద్దుటి కోపం అంతా ఎక్కడికి పోయిందో తెలియదు. దాని జాగాలో వచ్చిన భయం కోపం కంటే అన్యాయంగా ఉంది. కోపమైతే ఎవరిమీదనైనా విసరొచ్చు.

"అద్దం మసకబారింది," అన్నారు మావయ్యగారు నేను తిరిగొచ్చి కూర్చున్నాక. "వానకి."

"అవును," అన్నాను.

ఆ రోజు నుంచి పొద్దున్నే నేను ముందు లేచి తయారయ్యేదాన్ని. "నేను దింపేస్తాను మావయ్యా, ఎలాగూ వెళ్తున్నాను," అనేదాన్ని. ఆయన అప్పటికే తాళాలు జేబులో వేసుకుని చెప్పులు తొడుక్కుని ఉండేవారు. "నీకెందుకమ్మా శ్రమ, ఇప్పుడెళ్తే ల్యాబ్ ముందు కాపలా కాయాలి," అనేవారు. నేను ఇంకాస్త ముందు లేస్తే ఆయన ఇంకాస్త ముందు లేచేవారు. మా ఇద్దరికీ ఏం జరుగుతోందో తెలుసు. ఇద్దరం మర్యాదగా నవ్వుకుంటూ తాళాల కోసం పోట్లాడుకునేవాళ్ళం. కుదరని రోజున వెనకాలే ఏదో వంక పెట్టుకుని నేనూ ఎక్కేదాన్ని. ఎడమ పక్కన కూర్చుని, ఊరికే మాట్లాడుతున్నట్టు, "అదిగో స్కూటరు," "అదిగో ఎవరో కూరల బండి తోసుకుంటూ," అంటూ ఉండేదాన్ని. ఆయన విననట్టే ఉండి బండి పక్కకి తీసేవారు. ల్యాబ్‌కి వెళ్ళేసరికి ఒంట్లో సత్తువ ఉండేది కాదు.

మా ఆయనతో చెప్పాను. మేడ మీద బట్టలు తీస్తూ, మావయ్యగారికి వినపడకుండా. సైకిల్ సంగతి, గట్టు సంగతి, పసుపు రంగు సంగతి.

ఆయన చేతిలో దుప్పటి అలాగే ఉండిపోయింది. "నీ మీద పడిందాన్ని తీసుకెళ్ళి మా నాన్న మీద పెడతావా?" అన్నారు.

"నా మీద నేను వేసుకోలేదు. మీరు వేశారు."

"ఆయన నేర్పితేనే నువ్వు స్టీరింగ్ పట్టుకున్నావు."

"అవును. ఎడమ పక్క చూడమని నేర్పింది కూడా ఆయనే. ఒకసారి కళ్ళ డాక్టరుకి చూపించండి, చాలు."

"ఈ వయసులో ఆయన చేతిలోంచి అది కూడా లాక్కుంటే ఇంకేం మిగుల్తుంది?"

నేను మా ఆయన మొహం చూశాను. అప్పుడు అర్థమైంది. ఆయనకి కొత్తగా తెలిసిందేమీ లేదు. ఎప్పుడో అనుమానం వచ్చింది. టైర్ల వీడియోలు చూసినంత కాలం దీని వైపు చూడనవసరం లేకపోయింది. మెత్తటివా గట్టివా అని మీనమేషాలు లెక్కపెడుతూ కూర్చుంటే, రాస్తున్నది ఎవరో తేల్చాల్సిన పని వెనక్కి వెళ్తుంది. నా మీద వేస్తే అసలు తేల్చే పనే ఉండదు.

"ఆ బండిలో మన పిల్ల కూర్చుంటోంది," అన్నాను. బట్టలు సగం తీసి, సగం తాడు మీదే వదిలేసి దిగిపోయాను. అవి మళ్ళీ వానకి తడిశాయి. వాటిని ఎవరూ తీయలేదు.

రెండు రోజులు పోయాక ఎడమ ముందు టైరు పక్కన నిమ్మకాయంత బుడిపె లేచింది. లోపలి దారాలు తెగాయన్నమాట. అది ఏ క్షణంలోనైనా పగలొచ్చు. ఇంక వీడియోలకి టైము లేదు. స్టెప్నీ బిగించుకుని, ముగ్గురం టైర్ల షాపుకి వెళ్ళాం. నేను నడిపాను. మావయ్యగారు వెనక సీట్లో కూర్చున్నారు. ఎందుకో ఎవరూ అడగలేదు.

షాపాయన మమ్మల్ని చూసి మురిసిపోయాడు. మూడు రకాలు తెచ్చి వరుసగా నిలబెట్టాడు. ఒకదాని గాడులు బండరాళ్ళలా ఉన్నాయి. "ఇవి వేస్తే బండికి ఒక పొగరొస్తుంది సార్. రోడ్డు మీద జనం తప్పుకుంటారు." రెండోది గట్టిది. "ఇది మీ పాప పెద్దదయ్యేదాకా వస్తుంది." మూడోది మెత్తగా, లోతైన గాడులతో ఉంది. నీళ్ళని పక్కలకి తోసేస్తుందట. "తడిలో దీన్ని మించింది లేదు. కాకపోతే తొందరగా అరుగుతుంది, గట్టుకి తగిలితే తట్టుకోలేదు," అని నా వైపు ఒక చూపు చూసి, "మీ ఇంటికి రెండోదే మంచిది సార్," అన్నాడు.

మా ఆయన ఫోన్ తీశారు. నేను కళ్ళు మూసుకున్నాను.

"అంటే, తడి గ్రిప్ విషయంలో రెండోదాని మీద కొంచెం..." అని మొదలుపెట్టారు.

షాపాయన మావయ్యగారి వైపు తిరిగాడు. ఒకప్పుడు తనకీ డ్రైవింగ్ నేర్పింది ఆయనే. "మాస్టారూ, మీరు చెప్పండి. మీ మాటే ఖాయం. ఏది వేయమంటారు?"

మావయ్యగారు టైర్ల ముందు నిలబడి ఉన్నారు. వంగి మూడోదాని గాడుల్లో వేలు పెట్టి అటూ ఇటూ తిప్పారు. తర్వాత చెయ్యి ప్యాంటుకి తుడుచుకుని లేచారు.

"నన్నడుగుతావేంటి," అన్నారు మామూలుగా. "బండి నడిపేది కోడలు. ఆ అమ్మాయిని అడుగు."

"మీరూ నడుపుతారు కదా మాస్టారూ..."

"లేదు. ఇప్పుడు తనే నడుపుతోంది." అని, కొడుకు వైపు చూడకుండా, "రాస్తున్నది కూడా తను కాదు," అన్నారు. అనేసి బయటికి వెళ్ళి, రేకు కింద బల్ల మీద కూర్చుని, వాన చూడసాగారు.

మా ఆయన ఫోన్ జేబులో పెట్టుకున్నారు. నేను మూడోదాని పక్క మీద అచ్చు వేసిన అంకెలు చూసి, అది ఎప్పుడు తయారైందో అడిగాను. కొత్తదే.

"ఇవే, నాలుగూ," అన్నాను.

"తొందరగా అరుగుతాయి మేడమ్, తర్వాత నన్ను అనకూడదు."

"అరగనీండి. చక్రం వంకర కూడా సరిచేయండి."

వేస్తున్నంతసేపూ మా ఆయన లోపలా బయటా కాకుండా గుమ్మంలో నిలబడ్డారు. చివరికి వెళ్ళి తండ్రి పక్కన బల్ల మీద కూర్చున్నారు. ఏం మాట్లాడుకున్నారో నాకు వినపడలేదు. గాలి కొట్టే యంత్రం మోత. మాట్లాడుకోలేదేమో కూడా.

కళ్ళాసుపత్రికి మా ఆయనే తీసుకెళ్ళారు, ఆటోలో. నీటికాసులట. ఎడమ కంట్లో ఒత్తిడి పెరిగి పెరిగి, పక్క చూపు కొంచెం కొంచెంగా తినేసింది. పోయిన చూపు రాదు. ఉన్నది నిలబడాలంటే చుక్కలు వేసుకుంటూ ఉండాలి. కుడి కన్ను బాగుంది. "ఎప్పటి నుంచి ఇలా ఉంది?" అని డాక్టరు అడిగితే మావయ్యగారు, "గమనించలేదు," అన్నారట. మా ఆయన ఆ మాట నాకు చెప్తూ, నమ్మమని బతిమాలుతున్నట్టు చూశారు. నేను నమ్మలేదు.

నా తప్పేమీ లేదని తేలింది కదా, ఎవరైనా ఒక మాట అంటారని కొన్నాళ్ళు ఎదురుచూశాను. మా ఆయన అనలేదు. ఒకరోజు కారు కడుగుతూ, "మంచి టైర్లు తీసుకున్నావు," అన్నారు. అంతే. షాపులో అన్న ఆ ఒక్క మాట తప్ప మావయ్యగారూ ఏమీ అనలేదు. నా కోపం ఎటూ పోలేక ఇంట్లోనే తిరిగింది. పైగా ఇప్పుడు బడీ నాదే, ల్యాబూ నాదే, క్లినిక్కులూ నావే, మొదటిసారి తప్ప ఆసుపత్రీ నాదే. గెలిచినదాన్ని నేనే అయితే, ఈ చాకిరీ అంతా నాకెందుకు పడిందో అర్థమయ్యేది కాదు. ల్యాబ్‌లో బతిమాలి వేళలు మార్చించుకున్నాను. పొద్దున్నే పాప జడలు లాగి లాగి వేస్తుంటే, "అమ్మా, నెమ్మది," అనేది.

మావయ్యగారు కొన్నాళ్ళు గదిలోంచి రాలేదు. బండి స్టార్టయిన చప్పుడు వినగానే తలుపు దగ్గరికి వేసుకునేవారు. ఒకరోజు వానలో మేం బయలుదేరుతుంటే గొడుగు లేకుండా వచ్చి, వెనక తలుపు తీసి, పాప పక్కన కూర్చున్నారు.

"ఎక్కడికి మావయ్యా?"

"ఊరికే. బడిదాకా."

"ముందు కూర్చోండి, వెనక ఇరుకు."

"ముందు కూర్చుంటే నా నోరు ఊరుకోదమ్మా. నువ్వు పోనీ."

మెయిన్ రోడ్డు ఎక్కాం. వాన పెద్దదయింది. కొత్త టైర్ల కింద నీళ్ళు బట్ట చింపినట్టు చీలిపోతున్నాయి. పాత బస్సు ఒకటి ముందు ఆగితే బ్రేకు తొక్కాను. కారు చెప్పిన చోట ఆగింది. ఆ సంగతి వెనక ఎవరూ గమనించలేదు. వాళ్ళిద్దరూ ఏదో పనిలో ఉన్నారు.

"ఊఁ, ఇప్పుడు?" అంటున్నారు మావయ్యగారు మెల్లిగా.

"ఇప్పుడు మందుల షాపు. షట్టర్ సగమే తీశారు. ఒకావిడ ఉంది, పెద్ద గొడుగు."

"ఏం రంగు?"

"ఎర్రది. కాదు, చిలకాకుపచ్చ. సైకిల్ మీద ఒకాయన. ఆయనకి గొడుగు లేదు."

"మన పక్కనేనా, దూరంగానా?"

"పక్కనే తాతయ్యా. నీ పక్కనే. చెయ్యి పెడితే అందుతాడు."

అద్దంలో చూశాను. ఆయన ఎడమ కిటికీ పక్కన కూర్చుని ఉన్నారు. మెడ తిప్పలేదు. కళ్ళు ఎదురుగా రోడ్డు మీదే ఉన్నాయి. పాప ఆయన ఒళ్ళోంచి వంగి, ముక్కు అద్దానికి ఆనించి, దారిలో వచ్చినవన్నీ ఒక్కటీ వదలకుండా చెప్తోంది. ఆయన ప్రతిదానికీ తలూపుతున్నారు.

వెనక ఎవడో హారన్ కొట్టాడు. నేను వినిపించుకోలేదు. పిల్ల చెప్పడం పూర్తయ్యేలా, బండిని ఇంకాస్త నెమ్మదిగా పోనిచ్చాను.